తన భుజం తానెక్కిన యంత్రం



తర్కశాస్త్రంలో అన్యోన్యాశ్రయమని ఒక దోషం ఉన్నది. మొదటిది సిద్ధించాలంటే రెండవది కావాలి. రెండవది సిద్ధించాలంటే మొదటిది కావాలి. కనుక రెండూ సిద్ధించవు. శాస్త్రం చదవని మన పెద్దలు దీనినే పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్న సామెతలో ఇమిడ్చారు. ఎంత సాధన చేసిన నటుడైనా తన భుజం మీదికి తాను ఎక్కలేడన్నది దీనికి దగ్గర చుట్టమైన మరొక న్యాయం. ఈ రెంటినీ ముప్పయ్యేళ్ళకు పైగా తరగతి గదిలో ఉదాహరణలతో చెప్పినవాణ్ణి. ఐతే వీటికి అతి చక్కని ఉదాహరణ కావ్యాల్లో గాక కంప్యూటర్ల చరిత్రలో ఉన్నదని పదవీ విరమణ చేసిన తరువాతనే తెలిసింది.

తెలిపినవాడు నా మేనల్లుడు. ఏం ఉద్యోగంరా నీది అని అడిగితే, "ఖాళీ కంప్యూటర్లకు అక్షరాభ్యాసం చేయించడం మావయ్యా" అన్నాడు. ఆ మాట నచ్చి వివరం అడిగాను. ఆ తరువాత నాకై నేను కొన్ని పాత పత్రాలు వెదికి చదువుకున్నాను. మీలో చాలామందికి ఇది నిత్యం చేసే పని కావచ్చు. ఐనా దాని చరిత్రను ఒక తెలుగు పంతులు ఎట్లా అర్థం చేసుకున్నాడో వినండి.

సమస్య ఇది. ఒక పెద్ద గదిలో వేయి కొత్త కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. వాటి డిస్కులన్నీ ఖాళీ. మనిషి ఒక్కొక్కదాని ముందు కూర్చొని సీడీలు మార్చకుండా, అడిగిన ప్రశ్నలకు మీటలు నొక్కకుండా, అవి తమంత తామే నెట్‌వర్కు ద్వారా ఆపరేటింగ్ సిస్టమును తెచ్చుకొని స్థాపించుకోవాలి. ఏ యంత్రం ఏ పేరు ధరించాలి, ఏ చిరునామాలో ఉండాలి, ఏ దారిన బయటి లోకంతో మాట్లాడాలి అన్న ఆదేశాలన్నీ ఒక స్క్రిప్టులో వ్రాసి దూరాన ఒక సర్వరులో ఉంచారు. ఆ స్క్రిప్టు అందాలంటే నెట్‌వర్కు పనిచేయాలి. నెట్‌వర్కు ఎట్లా పనిచేయాలో ఆ స్క్రిప్టులోనే వ్రాసి ఉన్నది! తార్కికుడైతే ఇక్కడ దోషం చూపి లేచిపోతాడు. ఇంజనీరుకు ఆ సౌకర్యం లేదు. తెల్లవారేసరికి వేయి యంత్రాలూ లేచి నిలబడాలి. ఈ ముడిని ఒక్కొక్క తరం ఎట్లా విప్పిందన్నదే ఈ చరిత్ర.

ముందు ఒక మాట పుట్టుక. కంప్యూటరును మేల్కొల్పడాన్ని బూట్ చేయడం అంటారు గదా. అది బూట్‌స్ట్రాప్ అన్న మాటకు పొట్టి రూపం. బూటు వెనుక ఉండే పట్టీని తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకోవడమని దాని వెనుక ఉన్న నుడికారం. మన స్వస్కంధారోహణమే అది, దేశం మారింది గాని భావం మారలేదు. అసాధ్యానికి పెట్టిన పేరు కాలక్రమాన ప్రతి ఉదయం జరిగే పనికి పేరుగా నిలిచిపోయింది.

తొలి రోజుల్లో ఈ ముడిని విప్పింది మనిషి చేయి. 1952లో ప్రకటించిన ఐబీఎం 701 యంత్రానికి లోడ్ అని ఒక మీట ఉండేది. దాన్ని నొక్కితే యంత్రం చిల్లుల కార్డు నుండి మొదటి మాటను చదువుకునేది. ఆ మాటలోని ఆదేశం తరువాతి మాటలను తెచ్చేది. 1975 నాటి ఆల్టెయిర్ 8800కు అంత భాగ్యం కూడ లేదు. ముందు పలక మీది మీటలను పైకీ క్రిందికీ కదుపుతూ తొలి ఆదేశాలను ఒక్కొక్కటిగా చేతితో ఎక్కించాలి. ఆ యంత్రానికి బేసిక్ భాషను కూర్చిన పాల్ ఆలెన్, దాన్ని చూపడానికి ఆల్బుకెర్కీ నగరానికి విమానంలో పోతూ, కాగితపు పట్టీ మీది ప్రోగ్రామును యంత్రంలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాము తమ దగ్గర లేదని దారిలో గుర్తించాడు. విమానం దిగేలోగా కాగితం మీద వ్రాసుకున్నాడు. పెద్ద గ్రంథం సిద్ధంగా ఉన్నా దాన్ని తెరవడానికి నాలుగు పంక్తులు లేకపోతే ఏమీ జరగదని ఈ వృత్తాంతం తెలుపుతుంది.

ఒక్క యంత్రానికి మనిషి చేయి చాలు. వందలైతే చాలదు. 1980 ప్రాంతంలో విశ్వవిద్యాలయాల్లో వర్క్‌స్టేషన్లు ప్రవేశించాయి. డిస్కుల ధర ఎక్కువ కనుక కొన్నింటిని డిస్కు లేకుండానే తయారు చేసేవారు. డిస్కు లేని యంత్రం లేవగానే తన ఆపరేటింగ్ సిస్టమును నెట్‌వర్కు మీదినుండే తెచ్చుకోవాలి. అప్పుడే ఈ అన్యోన్యాశ్రయం పూర్తి స్వరూపంతో ఎదురైంది.

ఆ కాలపు పరిష్కారాలన్నీ ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాలలో నమోదై ఉన్నాయి. 1969లో మొదలైన ఈ పత్రాల పేరుకు అర్థం 'అభిప్రాయాలకై అభ్యర్థన' అని. లోకమంతా పాటించే నియమాలను శాసనమని గాక అభ్యర్థన అని పిలిచిన వినయం నాకు బాగా నచ్చింది.

1981 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 783 టీఎఫ్‌టీపీ అనే పద్ధతిని వివరిస్తుంది. ఎంఐటీకి చెందిన నోయెల్ చియాపా తొలుత రూపొందించగా కారెన్ సోలిన్స్ పత్రాన్ని రచించారు. దీని గొప్పతనమంతా చిన్నతనంలోనే ఉన్నది. ఫైలును 512 బైట్ల ముక్కలుగా చేసి ఒక ముక్క పంపుతుంది. అందిందని జవాబు వచ్చేదాకా ఆగుతుంది. తరువాతి ముక్క పంపుతుంది. 512 కన్న చిన్న ముక్క వచ్చిందంటే ఫైలు ముగిసినట్లు. సంకేతపదం లేదు, నీవెవరవన్న ప్రశ్న లేదు. ఇంత చిన్నది కాబట్టే నెట్‌వర్కు కార్డు మీది చిప్పులో ఇమిడింది.

ఈ చిన్న పద్ధతిలో ఒక విచిత్రమైన లోపం దాగి ఉండేది. అందిందన్న జవాబు దారిలో ఆలస్యమైతే, పంపినవాడు ముక్క పోయిందనుకొని మళ్ళీ పంపుతాడు. ఆ రెండు ముక్కలకూ రెండు జవాబులు వస్తాయి. రెండు జవాబులకూ రెండుసార్లు తరువాతి ముక్క పోతుంది. అక్కడినుండి చివరిదాకా ప్రతి ముక్కా రెండేసి సార్లు ప్రయాణం చేస్తుంది. దీనికి వారు పెట్టిన పేరు 'మాంత్రికుని శిష్యుని వ్యాధి'. జర్మన్ మహాకవి గ్యోతే 1797లో వ్రాసిన కథాకావ్యం నుండి వచ్చిన పేరు అది. గురువు లేని వేళ శిష్యుడు మంత్రం వేసి చీపురుచేత నీళ్ళు మోయిస్తాడు. ఆపే మంత్రం తెలియక గొడ్డలితో చీలుస్తాడు. రెండు ముక్కలూ రెండు చీపుర్లై నీళ్ళు మోయసాగుతాయి. సాంకేతిక పత్రంలో ఇంత సముచితమైన ఉపమానం కనబడినప్పుడు సాహిత్యం చదువుకున్నవాడికి కలిగే సంతోషం మీకు చెప్పనక్కరలేదు. ఆ వ్యాధికి 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 మందు చెప్పింది. 1992లో టీఎఫ్‌టీపీ సవరణ పత్రం దాన్ని తనలో చేర్చుకున్నది.

ఫైలు తేవడం తెలిసింది. ఐతే ఎవరిని అడగాలి? తానెవరో తనకే తెలియని యంత్రం ఏ పేరుతో అడగాలి? 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు వ్రాసిన ఆర్‌ఎఫ్‌సీ 903, కార్డులో పుట్టుకతో ఉండే భౌతిక చిరునామాను చెప్పి 'నా ఐపీ చిరునామా ఏది?' అని అడిగే మార్గం చూపింది. 1985 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ గిల్మోర్ కలిసి వ్రాసిన ఆర్‌ఎఫ్‌సీ 951లో బూట్‌పీ వచ్చింది. ఇది ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు తెస్తుంది. నీ చిరునామా ఇది, నీ సర్వరు ఇది, నీవు తెచ్చుకోవలసిన ఫైలు పేరు ఇది.

ముడి విప్పిన తీరు గమనించండి. పేరు లేని యంత్రం తన చిరునామాను అన్నీ సున్నాలుగా వ్రాసుకొని, అందరికీ వినబడేటట్లు నెట్‌వర్కులో కేక వేస్తుంది. వీధిలో తప్పిపోయిన పిల్లవాడు 'నేనెవరి అబ్బాయిని?' అని అరిచినట్లు. ఎవరో ఒకరు జవాబు చెబుతారు. పిల్లవాడు ఆ చేయి పట్టుకొని వెళ్తాడు. ఆ చేయి ఎవరిదని అడగడు. అడగడానికి కావలసిన జ్ఞానం అతనికి ఇంకా లేదు. అన్యోన్యాశ్రయం తెగింది గాని, తెంచిన కత్తి పేరు విశ్వాసం. ఇది జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ వస్తాను.

1993 అక్టోబరులో రాల్ఫ్ డ్రోమ్స్ వ్రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1531తో డీహెచ్‌సీపీ వచ్చింది. నేటికీ వాడుకలో ఉన్న దాని రూపం 1997 మార్చి నాటి ఆర్‌ఎఫ్‌సీ 2131. బూట్‌పీ ఉత్తరంలో తయారీదారుల కోసమని 64 బైట్ల చిన్న గడి ఒకటి ఉండేది. ఆ గడే పెరిగి డీహెచ్‌సీపీలోని అమరికల పట్టిక అయింది. చిరునామాలను శాశ్వతంగా ఇవ్వకుండా కొంతకాలానికి కౌలుకివ్వడం కూడ దీనితోనే స్థిరపడింది. ఇంటెల్ సంస్థ 1990 దశకం చివర పీఎక్స్ఈ అనే ప్రమాణాన్ని వెలువరించింది. దాని 2.1 కూర్పు 1999 సెప్టెంబరు నాటిది. డీహెచ్‌సీపీనీ టీఎఫ్‌టీపీనీ జతచేసి మామూలు కంప్యూటర్ల నెట్‌వర్కు కార్డుల్లోకి ఎక్కించింది ఇదే.

పీఎక్స్ఈ మీద పనిచేసే పీఎక్స్‌లినక్స్ అనే లోడరు తన ఆదేశపత్రాన్ని వెదికే క్రమం నాకు ఎంతో ముచ్చట గొలిపింది. ముందుగా యంత్రపు విశిష్ట సంఖ్య పేరుతో ఫైలు ఉన్నదా అని అడుగుతుంది. లేకుంటే భౌతిక చిరునామా పేరుతో. అదీ లేకుంటే ఐపీ చిరునామాను పదహారు అంకెల లెక్కలో 8 అక్షరాలుగా వ్రాసి, ఆ పేరుతో. అదీ లేకుంటే చివరి అక్షరం తీసివేసి 7 అక్షరాలతో, తరువాత 6, ఇట్లా ఒక్క అక్షరం మిగిలేదాకా. చివరకు అందరికీ ఉమ్మడియైన డిఫాల్ట్ ఫైలు. ఉత్తరం మీద ఇంటి నంబరు దొరకకపోతే వీధి, వీధి దొరకకపోతే ఊరు, ఊరు దొరకకపోతే తాలూకా వెదికే పాతకాలపు పోస్టుమాన్ పద్ధతి ఇది.

ఇంతవరకు యంత్రం మేల్కొన్నది. ఇక స్థాపన. నేను పనిచేసిన ఉన్నత పాఠశాలకు 10 కంప్యూటర్లు వచ్చినప్పుడు ఒక కుర్రవాడు ఒక్కొక్కదానిలో సీడీ పెడుతూ, అవే ప్రశ్నలకు అవే జవాబులు కొడుతూ రెండు రోజులు కూర్చున్నాడు. పదింటికి రెండు రోజులైతే వేయింటికి ఎన్ని? అందుకే ప్రశ్నలకు జవాబులను ముందే ఒక ఫైలులో వ్రాసి ఉంచే పద్ధతులు 1990 దశకంలో వచ్చాయి. సన్ సంస్థ సొలారిస్‌లో జంప్‌స్టార్ట్, రెడ్ హ్యాట్ లినక్సులో కిక్‌స్టార్ట్, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఎన్‌టీలో అన్‌అటెండెడ్ ఫైలు, 2005 జూన్‌లో విడుదలైన డెబియన్ సార్జ్‌లో ప్రిసీడ్, వీటన్నింటి తత్త్వం ఒకటే.

జవాబుల పట్టిక మాత్రమే చాలదని అందరికీ త్వరలోనే తెలిసింది. ఏ పట్టికా ఊహించని పని ఏదో ఒకటి ప్రతి చోటా ఉంటుంది. స్థాపన జరిగే నెట్‌వర్కు ఒకటి, యంత్రం చివరకు కాపురముండే నెట్‌వర్కు మరొకటి. రెండు కార్డులను జతకట్టాలి, స్థిరమైన చిరునామా ఇవ్వాలి, దారి మార్చాలి. ఇందుకోసం ముందొకటి వెనుకొకటి సొంత స్క్రిప్టులను నడిపే అవకాశం కల్పించారు. జంప్‌స్టార్ట్‌లో బిగిన్, ఫినిష్. కిక్‌స్టార్ట్‌లో ప్రీ, పోస్ట్. ప్రిసీడ్‌లో ఎర్లీ కమాండ్, లేట్ కమాండ్. నాటకానికి నాంది, భరతవాక్యం ఉన్నట్లే. నాటకం అందరిదీ ఒకటే, నాందీ భరతవాక్యాలు మాత్రం ఆయా సమాజం వారివి.

ఈ భరతవాక్యంలో ఒక సూక్ష్మం ఉన్నది. కొత్తగా చేరినవారు అక్కడే తడబడతారని మా వాడు చెప్పాడు. ఆ స్క్రిప్టు నడిచేవేళ రెండు వ్యవస్థలు ఒకేసారి ఉంటాయి. ఒకటి స్థాపన జరుపుతున్న తాత్కాలిక వ్యవస్థ, జ్ఞాపకంలో మాత్రమే ఉండేది. రెండవది డిస్కు మీద ఇప్పుడే వెలసిన శాశ్వత వ్యవస్థ. జంప్‌స్టార్ట్‌లో కొత్త వ్యవస్థ అంతా 'ఏ' అనే సంచయం క్రింద అతికించి ఉంటుంది. ఆ ఒక్క అక్షరం మరచి నెట్‌వర్కు అమరికలను వ్రాస్తే అవి తాత్కాలిక వ్యవస్థలోకి పోతాయి. యంత్రం తిరిగి లేచేసరికి ఆ వ్రాతంతా నీటి మీది రాతే. కిక్‌స్టార్ట్ వారు పోస్ట్ స్క్రిప్టును మామూలుగా కొత్త వ్యవస్థ లోపలే నడిపించారు. ఇందుకు వాడినది 1979 నాటి ఏడవ కూర్పు యూనిక్సులో వచ్చిన సీహెచ్‌రూట్ అనే ఆదేశం. విక్రమార్కుని కథల్లోని పరకాయ ప్రవేశం వంటిది అది. ప్రాణం పాత దేహానిది, చూసే లోకం కొత్త దేహానిది.

పరకాయ ప్రవేశంలో ఉండే చిక్కే ఇక్కడా వచ్చింది. కొత్త దేహానికి పాత జ్ఞాపకాలు ఉండవు. డీహెచ్‌సీపీ ద్వారా చిరునామా పొందిన యంత్రంలో పోస్ట్ స్క్రిప్టు నడిచేవేళకు పేర్లను చిరునామాలుగా మార్చే అమరిక కొత్త వ్యవస్థలో పూర్తి కాదని, నెట్‌వర్కు అందుతుంది గాని పేరు పెట్టి పిలిస్తే పలకదని, కనుక సర్వరు పేరుకు బదులు అంకెల చిరునామానే వ్రాయమని ఆనాటి రెడ్ హ్యాట్ మార్గదర్శి హెచ్చరించింది. ఊరు చేరాము గాని ఎవరి ఇల్లు ఎక్కడో తెలియదన్నమాట.

డెబియన్ వారి ప్రిసీడ్‌లో అన్యోన్యాశ్రయం మరీ నగ్నంగా కనబడుతుంది. జవాబుల ఫైలు నెట్‌వర్కు మీదినుండి రావాలి. కాని నెట్‌వర్కు గురించిన ప్రశ్నలు ఆ ఫైలు రాకముందే అడుగుతారు. కనుక ఆ జవాబులు ఫైలులో ఉన్నా వ్యర్థమే. వారి మార్గదర్శి ఈ సంగతి దాచలేదు. ఉపాయం కూడ చెప్పింది. మొదట ఏదో ఒక చిరునామాతో నెట్‌వర్కు తెరిచి ఫైలు తెచ్చుకో. ఆ వెంటనే ఒక చిన్న స్క్రిప్టుతో తెరిచిన నెట్‌వర్కును మూసివేసి, చేతికి వచ్చిన అసలు జవాబులతో నెట్‌వర్కు అమరికను మళ్ళీ మొదటినుండి నడుపు. నిచ్చెన ఎక్కి, పైనుండి నిచ్చెనను లాగివేసి, సరియైన నిచ్చెన వేసుకోవడం! పెళ్ళి కుదరడానికి తాత్కాలికంగా పిచ్చి కుదిర్చి, పెళ్ళి అయిన తరువాత అసలు వైద్యం చేయించినట్లున్నది.

మైక్రోసాఫ్ట్ వారి మార్గం వేరు. తొలినాళ్ళలో నెట్‌వర్కు సామగ్రి నింపిన డాస్ ఫ్లాపీతో యంత్రాన్ని లేపి, ఆటోఎగ్జెక్ ఫైలులోని ఆదేశాలతో సర్వరును చేరేవారు. 2000లో విండోస్ 2000తో పీఎక్స్ఈ మీద ఆధారపడిన ఆర్‌ఐఎస్ సేవ వచ్చింది. 2002లో విండోస్ పీఈ వచ్చింది. ఇది స్థాపన కోసమే పుట్టిన చిన్న విండోస్. దీని లోపల స్టార్ట్‌నెట్ అనే ఆదేశాల ఫైలు ఉంటుంది. రెండవ కూర్పు నుండి అందులో మొదట కనబడేది డబ్ల్యూపీఈఇనిట్ అన్న ఒక్క మాట. ఆ మాటతో కార్డుల డ్రైవర్లు, నెట్‌వర్కు లేస్తాయి. దాని క్రింద ఎవరి సొంత ఆదేశాలు వారు చేర్చుకోవచ్చు. అంటే మొదటి నాలుగు పంక్తులను విత్తనంలోనే పెట్టి పంపడం. మార్చాలంటే ఆ ప్రతిబింబాన్ని విప్పి, ఫైలు సవరించి, మళ్ళీ మూయాలి. ఈ చిన్న విండోస్‌లో ఎవరూ స్థిరనివాసం ఏర్పరచుకోకూడదని 72 గంటలకు అదే తిరిగి మొదలయ్యేటట్లు చేశారు. సత్రంలో మూడు రోజులకు మించి బస చేయరాదన్న మన నియమమే!

ఈ స్క్రిప్టులు చాలావాటిలో ఒక పంక్తి కనబడుతుందని మా వాడు చూపించాడు. 'స్లీప్ 30'. ముప్పయి సెకన్లు నిద్రించు అని. ఎందుకురా అన్నాను. నెట్‌వర్కు స్విచ్చులు వలయాలు ఏర్పడకుండా స్పానింగ్ ట్రీ అనే నియమాన్ని పాటిస్తాయి. కొత్త తీగ తగలగానే స్విచ్చు 15 సెకన్లు వింటుంది, 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తరువాతనే మాటలను దాటనిస్తుంది. యంత్రం పుట్టగానే వేసిన కేక ఆ ముప్పయి సెకన్లలో గోడకు తగిలి పోతుంది. జవాబు రాలేదని యంత్రం నిరాశపడి ఆగుతుంది. పైగా పీఎక్స్ఈ నుండి కెర్నెలుకు మారినప్పుడు కార్డు మళ్ళీ మొదలైతే స్విచ్చు మళ్ళీ తొలినుండి లెక్కిస్తుంది. యంత్రాలు ఉండే తీగల మీద ఈ నిరీక్షణను తప్పించే అమరిక స్విచ్చులో ఉన్నది. ఐతే స్విచ్చు ఒక విభాగం వారిది, స్క్రిప్టు మరొక విభాగం వారిది. వారినడగడం కన్న ఒక పంక్తి నిద్ర వ్రాసుకోవడం సులువు.

అసలు 'నెట్‌వర్కు సిద్ధమైంది' అంటే ఏమిటి? తీగ తగిలితే చాలునా, చిరునామా రావాలా, సర్వరు పలకాలా? 2010లో వచ్చిన సిస్టమ్‌డీ లినక్సులో యంత్రం లేచే క్రమాన్ని కొత్తగా రచించింది. దాని పత్రాలు సైతం ఈ మాటకు ఒకే నిర్దిష్టమైన అర్థం లేదని ఒప్పుకొని, నెట్‌వర్కు లేవడం ఒక దశగానూ, అది పనికి సిద్ధం కావడం మరొక దశగానూ విడదీశాయి.

2006లో అమెజాన్ వారు ఈసీ2 సేవ ప్రారంభించాక కథ ఇంకొక మలుపు తిరిగింది. యంత్రమే ఊహాజనితం. క్షణంలో పుట్టి క్షణంలో గిట్టేది. పుట్టిన యంత్రం 169.254.169.254 అనే స్థిరమైన చిరునామాను అడిగితే తన పేరు, తన పని, నడపవలసిన స్క్రిప్టు అన్నీ దొరుకుతాయి. ఉబుంటు లోకంలో పుట్టిన క్లౌడ్-ఇనిట్ అనే సాధనం ఆ స్క్రిప్టును తెచ్చి తొలిసారి లేచినప్పుడు నడుపుతుంది. వీధిలో కేక వేయనక్కరలేదు. ప్రతి ఇంటికీ ఒకే గుమ్మంలో ఒకే పెద్దమనిషి కూర్చొని ఉంటాడు.

ఇప్పుడు జ్ఞాపకం ఉంచుకోమన్న మాటకు వస్తాను. తార్కికులు జ్ఞానానికి మూలాలను ప్రమాణాలన్నారు. కంటితో చూసేది ప్రత్యక్షం, ఊహించేది అనుమానం, నమ్మదగినవాడు చెప్పగా తెలిసేది శబ్దం. ఆ నమ్మదగినవాణ్ణి ఆప్తుడన్నారు. అప్పుడే పుట్టిన యంత్రానికి ప్రత్యక్షం లేదు, అనుమానం లేదు. దాని తొలి జ్ఞానమంతా శబ్దమే. ఐతే చెప్పేవాడు ఆప్తుడా కాదా అని తేల్చుకునే శక్తి దానికి అప్పటికి లేదు. డీహెచ్‌సీపీలో సాధారణంగా మొదట వచ్చిన జవాబునే స్వీకరిస్తారు. టీఎఫ్‌టీపీ ఎవరినీ ఏమీ అడగదు. ఎవరైనా దురుద్దేశంతో అదే నెట్‌వర్కులో కూర్చొని ముందుగా పలికితే, యంత్రం వాడి స్క్రిప్టునే వేదవాక్యంగా నడుపుతుంది. అదీ సర్వాధికారాలతో.

వ్రాసినవారి జాడలు కూడ ప్రమాదమే. విండోస్ స్థాపనలో వాడిన జవాబుల ఫైలు ప్రతి ఒకటి పాంథర్ అనే సంచయంలో పని ముగిసిన తరువాత కూడ నిలిచిపోవచ్చు. అందులో అధికారి సంకేతపదం ఉంటే, అది బేస్64 అనే మారువేషంలో ఉండవచ్చునే గాని అది తాళం కాదు. ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. ఇక గుమ్మంలోని పెద్దమనిషి సంగతి. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు వివరాలు దొంగిలించిన వ్యక్తి, ఆ బ్యాంకు యంత్రమొకదాన్ని మభ్యపెట్టి దానిచేతనే 169.254.169.254ను అడిగించి తాళపుచెవులు రాబట్టింది. సుమారు 10 కోట్ల మంది అమెరికావాసుల, 60 లక్షల మంది కెనడావాసుల సమాచారం బయటపడింది. అదే ఏడు నవంబరులో అమెజాన్ వారు ఆ గుమ్మంలో ముందుగా ఒక చీటీ తీసుకొని రమ్మనే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు.

దీనికి మందుగా వచ్చినది సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8తో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. తొలి ప్రోగ్రాముకు ముద్ర ఉంటేనే యంత్రం నడుపుతుంది. ముద్రను పరీక్షించే తాళపుచెవి బోర్డులోనే ఉంటుంది. మంచిదే. కాని ఆ తాళపుచెవిని ఎవరు పెట్టారు? తయారీదారు. అతణ్ణి ఎవరు పరీక్షించారు? ఇట్లా అడుగుతూ పోతే అంతు ఉండదు. తర్కంలో దీనికి అనవస్థ అని పేరు. ఎక్కడో ఒకచోట ఆగి, ఈ మాటను నమ్ముతున్నాను అనక తప్పదు. ఈ అరవై డెబ్బై ఏళ్ళలో ఆ చోటు మారుతూ వచ్చింది. మీట నొక్కిన చేయి, తీగ మీద మొదట పలికిన గొంతు, విత్తనంలో దాచిన ఫైలు, అందరికీ తెలిసిన ఒక చిరునామా, బోర్డులోని తాళపుచెవి. విశ్వాసం అవసరం మాత్రం ఏ తరంలోనూ తొలగిపోలేదు. యంత్రాలు స్వయంగా నడుస్తున్నాయి గనుక ఎవరినీ నమ్మనక్కరలేదనుకోవడం భ్రమ. తమంత తాము నడిచే కొద్దీ ఆ మొదటి మాట ఎవరిదన్న ప్రశ్నకు విలువ పెరుగుతుంది. ఒక్క యంత్రానికి తప్పు చెబితే ఒక్కటే చెడుతుంది. వేయింటికి ఒకేసారి చెబితే వేయీ ఒకే రాత్రి చెడతాయి.

ఈ వృత్తిలో ఉన్న మిత్రులకు ఒక పంతులుగా చిన్న విన్నపం. మూలమెంత గొప్పదైనా టీక లేకపోతే వంద ఏళ్ళకు అర్థం మరుగున పడుతుందని మేము చదువుకున్నాము. మీ గ్రంథాలకు వంద ఏళ్ళు కూడ అక్కరలేదు, మూడేళ్ళు చాలు. స్క్రిప్టు వ్రాసినవాడు వేరే ఉద్యోగానికి పోతాడు. 'స్లీప్ 30' మిగిలిపోతుంది. తరువాతివాడు ఎందుకో తెలియక భయపడి అట్లాగే ఉంచుతాడు, లేదా ధైర్యం చేసి తీసివేసి రాత్రంతా జాగారం చేస్తాడు. కనుక నెట్‌వర్కును లేపే ప్రతి స్క్రిప్టులోనూ రెండు వాక్యాల వ్యాఖ్యానం వ్రాయండి. ఈ నిరీక్షణ ఎందుకు, ఈ సర్వరును ఎందుకు నమ్ముతున్నాము అని. మీరు వ్రాసిన మొదటి పంక్తినే ఏ ప్రశ్నా లేకుండా నమ్మి వేయి యంత్రాలు కళ్ళు తెరుస్తాయి. మీ అనుభవంలో ఈ ముడిని మరొక విధంగా విప్పిన సందర్భాలుంటే దయచేసి వ్యాఖ్యల్లో తెలియజేయగలరు.